అర వాటు, నాలుగు వందల మంది పిల్లలు

అంతర్వేదిలో కొబ్బరి తోటకీ వాకీటాకీకీ పడదు. పెట్టె మీద ఎన్ని కిలోమీటర్లని రాసినా సరే, తోటలోకి దిగి నాలుగు వరసలు దాటేసరికి గొంతు గరగరమంటుంది. ఇంకో నాలుగు వరసలు దాటితే అదీ ఉండదు. కొబ్బరాకు నిండా నీరే. ఆ నీరు రేడియో తరంగాన్ని తాగేస్తుంది. పొద్దున్నే మంచు పడినప్పుడో, జల్లు కురిసి వెలిసినప్పుడో ఇంకా దారుణం. అదే సెట్టు పట్టుకుని సముద్రం ఒడ్డున ఇసకలో నిలబడితే, ఎక్కడో చుక్కలా కనిపించే మనిషి కూడా పక్కనుండి మాట్లాడినట్టే వినిపిస్తాడు.

నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. హామ్ రేడియో, అంటే అభిరుచి కొద్దీ నడిపే అమెచ్యూర్ రేడియో, లైసెన్సు ఉంది. ఆ పిచ్చి సంగతి తెలిసినవాళ్ళు చుట్టుపక్కల ఎక్కడ కేడెట్ల శిబిరం పెట్టినా నాకు కబురు పెడతారు. “మాష్టారూ, ఆ వాకీటాకీల సంగతి మీరు చూసుకోవాలండి” అంటారు. చూసుకోవడం అంటే సెట్లు పంచడం, చార్జింగు పెట్టడం అని వాళ్ళ ఉద్దేశం. ఆ పని ఎవరైనా చేస్తారు. అసలు పని వేరే ఉంది. ఎవరో ఒకరు పొద్దున్నించి రాత్రిదాకా ఒక బల్ల దగ్గర కూర్చుని వినాలి, విన్నది రాయాలి. ఆ బల్లనే కంట్రోల్ అంటాం. మనిషి పేరు వేయకుండా సెట్లు మాత్రం కొన్న శిబిరాలు నేను చూశాను. అక్కడ రెండో రోజుకే సెట్లన్నీ ఆఫీసర్ల నడుములకి వేలాడుతూ ఉంటాయి. పిలిస్తే పలికేవాడుండడు.

నాలుగు వందల పైచిలుకు పిల్లలు పది రోజులు ఒకచోట ఉంటే ఏమేం కావాలో ఎన్‌సీసీ శిబిరం ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెల్లవారుజామునే ఫాలిన్, పీటీ, డ్రిల్లు, క్లాసులు, లంగరు (అంటే వంటశాల), ఆటలు, రోల్ కాల్, రాత్రి సెంట్రీ డ్యూటీ. ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా అని కంపెనీలుగా విడగొడతారు. ఒక కంపెనీ మైదానంలో ఉంటే ఇంకోటి లైట్‌హౌసు వైపు నడకకి పోతుంది. ఇంకోటి తుఫాను షెల్టరు నీడలో మ్యాపు రీడింగు నేర్చుకుంటూ ఉంటుంది. వీళ్ళలో ఆడపిల్లలు ఇప్పుడు బాగా కనిపిస్తున్నారు. 2020 ఆగస్టు 15న ఎన్‌సీసీని సరిహద్దు, తీర ప్రాంతాల్లోని 173 జిల్లాలకి విస్తరిస్తామని ప్రధాని ప్రకటించారు. కొత్తగా చేర్చుకునే లక్ష మందిలో మూడోవంతు ఆడపిల్లలుండాలన్నారు. ఆ మాటకి తగ్గట్టు తీరం వెంట ఊళ్ళనుంచి పిల్లలు వస్తున్నారు. వాళ్ళలో ఈత వచ్చినవాళ్ళే ఎక్కువ. అదే నా భయం. ఈత వచ్చినవాడికే నీళ్ళంటే చులకన.

అంతర్వేదిలో భయపడాల్సింది సముద్రానికి కాదు, సంగమానికి. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. చూడ్డానికి చదునుగా, నిదానంగా ఉంటుంది. పోటు వెళ్ళిపోయి పాటు మొదలైందంటే నది నీళ్ళు, పాటు నీళ్ళు కలిసి ఒక్క ఊపున బయటికి లాగుతాయి. అవతల బియ్యపుతిప్ప వైపు నుంచి వచ్చే బోట్లవాళ్ళే ఆ మొగలో ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుపుతారు. అందుకని పిల్లల వరస ఇసకలో కాలు పెట్టే ముందు వరసకి తలలో ఒక సెట్టు, తోకలో ఒక సెట్టు ఉండాలని నా మొదటి షరతు. తల వెనక్కి తిరిగి చూడదు, తోకకి ముందు ఏం జరుగుతోందో తెలియదు. అరగంటకోసారి రెండూ కంట్రోల్‌కి పలకాలి. పలకాల్సిన వేళ దాటి ఐదు నిమిషాలైతే కంట్రోలే పిలుస్తుంది. రెండుసార్లు పిలిచినా జవాబు లేకపోతే మోటారుసైకిల్ బయల్దేరుతుంది. ‘బహుశా చార్జింగ్ అయిపోయి ఉంటుంది’ అనుకుని ఊరుకోవడానికి వీల్లేదు.

ఫోన్లున్నాయి కదా అని ప్రతి శిబిరంలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. శిబిరంలో పిల్లల ఫోన్లు లోపల పెట్టేస్తారు, అది ఒకటి. ఫోను ఒకరితో మాట్లాడటానికి పనికొస్తుంది. రేడియోలో ఒకడు చెప్పింది అందరికీ వినిపిస్తుంది. డెల్టా వాళ్ళకి బండి కావాలంటే ఆ మాట లంగరు దగ్గరున్న డ్రైవరూ వింటాడు, మెడికల్ గదిలో నర్సమ్మా వింటుంది. మళ్ళీ ముగ్గురికి మూడు ఫోన్లు కొట్టక్కర్లేదు. ఇంకోటి కూడా ఉంది. భీష్మ ఏకాదశికి ఇక్కడి గుడిలో స్వామివారి రథోత్సవం చూడ్డానికి వచ్చినవాళ్ళెవర్ని అడిగినా చెబుతారు, లక్షలమంది ఒకచోట చేరితే ఫోను చేతిలో ఉండి ఎంత ఉపయోగమో.

ఇక లైసెన్సు సంగతి. దీన్ని చాలామంది వదిలేస్తారు. ఆన్‌లైన్లో దొరికిన చైనా సెట్టు కొనేసి వాడేస్తారు. మన దేశంలో రేడియో సెట్టు దగ్గర పెట్టుకోవడం, వాడటం 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కాలం నుంచీ అనుమతితో చేయాల్సిన పనే. అయితే 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య చిన్న చేతిసెట్లకి లైసెన్సు అక్కర్లేదని 2018లో కేంద్రం వెసులుబాటు ఇచ్చింది. శక్తి అర వాటు. ఆ హద్దు దాటిన సెట్టు ఎంత చవగ్గా దొరికినా పిల్లల చేతికివ్వకూడదు. పొరపాటున పోలీసు చానల్లోకో, తీరంలో బోట్లవాళ్ళు ప్రమాదానికి వాడుకునే 16వ చానల్లోకో పిల్లాడు కూనిరాగం తీశాడంటే అది ఆట కాదు. సెట్టు ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో, లైసెన్సు కావాలో వద్దో చెప్పకుండా అమ్ముతున్నారని 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ అమ్మకందార్లకి నోటీసులిచ్చింది, ఆ వెంటనే మార్గదర్శకాలూ తెచ్చింది. నా హామ్ సెట్టు కూడా పిల్లలకివ్వను. అది నా లైసెన్సు మీద నడిచేది. నేను బల్ల దగ్గర ఉన్నంతసేపు నరసాపురం వైపున్న మా మిత్రుడితో కలుపుకుని ఉంచుతాను. బయటి ప్రపంచంతో మాట తెగిపోకూడదని అంతే.

అర వాటు అంటే ఎంత? టార్చిలైటు బల్బుపాటి. దాంతో ఎంతదూరం పోతుందన్నది శక్తి కన్నా ఎత్తు మీద ఆధారపడుతుంది. ఈ ఫ్రీక్వెన్సీలో తరంగం దాదాపు వెలుతురులాగే సూటిగా పోతుంది, భూమి వంపు అడ్డొస్తే ఆగిపోతుంది. నేల మీద నిలబడిన ఇద్దరికి, మధ్యలో ఏ అడ్డూ లేకపోతే, లెక్క ప్రకారం పది కిలోమీటర్లు వస్తుంది. ఒకణ్ణి పది మీటర్ల ఎత్తుకి ఎక్కిస్తే అది పద్దెనిమిది దాకా పెరుగుతుంది. కొబ్బరి తోటలూ, ఇళ్ళూ కలిసి ఆ లెక్కలో చాలామటుకు కొట్టేస్తాయి. అయినా ఎత్తు ఎత్తే. కోనసీమలో కొండలు లేవు, ఉన్నది తుఫాను షెల్టర్లు. స్తంభాల మీద లేపిన ఆ భవనాల డాబా మీద ఒక పిల్లాణ్ణీ ఒక పిల్లనీ గొడుగు వేసి కూర్చోబెడితే సగం శిబిరం అందుతుంది. మిగతా సగం కోసం రిలే.

రిలే అంటే ఏమీ లేదు. లైట్‌హౌసు దగ్గరున్నవాడి గొంతు కంట్రోల్‌కి అందదు. కంట్రోల్ గొంతు వాడికీ అందదు. రెండూ అందే చోటొకటి వెతికి అక్కడొక కేడెట్‌ని నిలబెడతాం. ఇక్కణ్ణించి విన్నది అక్కడికి చెబుతాడు. ఆ చోటు మ్యాపు చూస్తే దొరకదు, నడిస్తే దొరుకుతుంది. చేలగట్టు మలుపులో పదడుగులు ఇటు వస్తే మాట తెగుతుంది, అటు వెళ్తే అందుతుంది. శిబిరం మొదలయ్యే ముందు రోజు ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఆ దారంతా సెట్టులో ‘ఒకటి, రెండు, మూడు’ అంటూ నడుస్తాను. ఎక్కడ తెగిందో, ఎక్కడ మళ్ళీ అందిందో మ్యాపు మీద పెన్సిలుతో గుర్తులు పెడతాం. ఆ కాగితం బల్ల మీద అద్దం కింద ఉంటుంది.

రిలేకి నేను ఎంచుకునేది గట్టిగా అరిచేవాణ్ణి కాదు. అరిస్తే మైకు గొంతు పట్టేస్తుంది, మాట చితికిపోతుంది. పైగా అరిచేవాడు సామాన్యంగా వినడు. క్లాసులో వెనక బెంచీలో కూర్చుని ఎవరితోనూ మాట్లాడని పిల్ల ఒకతె ఉంటుంది చూడండి, ఆ పిల్ల కావాలి. విన్నది విన్నట్టు చెబుతుంది, తన మాట ఒక్కటి కలపదు. ‘సార్ బండి పంపమన్నారు’ అని విని ‘సార్ తొందరగా బండి పంపమని కోప్పడ్డారు’ అని చేరవేసేవాడు రిలేకి పనికిరాడు.

మాట్లాడే పద్ధతి దగ్గర మా గోదావరి మర్యాద కాస్త అడ్డం పడుతుంది. సెట్టు తీసుకున్నవాడు “సార్, నమస్తే సార్, నేనండి, డెల్టా నుంచండి, మాట్లాడొచ్చాండి” అని మొదలుపెడతాడు. ఈ సెట్లలో ఒకరు బటన్ నొక్కి ఉంచినంతసేపు రెండోవారు మాట్లాడ్డానికి లేదు. ఆ ‘అండి’లన్నీ కలిపితే ఇంకొకడి కబురుకి అడ్డే. అలాగే జవాబుగా ‘ఆయ్’ అంటారు. ఎదురుగా నిలబడి అంటే దానంత ముచ్చటైన మాట లేదు. రేడియోలో మాత్రం బటన్ నొక్కీ నొక్కకముందే అనేస్తారేమో, అవతల చేరేది ఒక చిన్న టిక్కుమన్న చప్పుడే. చేరినా, విన్నాననా, వస్తున్నాననా, చేస్తాననా తేలదు. అందుకని రెండు మాటలు ఖాయం చేశాం. కబురు చేరితే ‘అందింది’. చెప్పింది చేయబోతుంటే ‘చేస్తాం’. బటన్ నొక్కి ఒక క్షణం ఆగి మాట్లాడాలి. మాట అయ్యాక ‘ఓవర్’ అనాలి. ఇక చెప్పేదేమీ లేకపోతే ‘అవుట్’. సినిమాల్లోలా ‘ఓవర్ అండ్ అవుట్’ అంటే, జవాబు చెప్పమన్నట్టూ వెళ్ళిపోయినట్టూ రెండూ ఒకేసారి అన్నట్టు. సరిగా వినిపించకపోతే ‘మళ్ళీ చెప్పు’. సైన్యాల్లో ఇక్కడ ‘రిపీట్’ అనకుండా ‘సే అగైన్’ అంటారు. ఫిరంగి దళానికి రిపీట్ అంటే ఇందాక కొట్టిన చోటే మళ్ళీ కాల్చమని. ఈ సంగతి చెప్పిన రోజు పిల్లలు భోజనాల దగ్గర అన్నం మారు వడ్డించమని ‘రిపీట్, రిపీట్’ అని అరిచారు.

అంకెల గొడవ వేరే. ఒక మధ్యాహ్నం ఇసకలో ఉన్న బ్రావో వాళ్ళకి అన్నం పొట్లాలు పంపాలి. అక్కడినుంచి అడిగింది ఇరవై. ఈదురుగాలి, పక్కన కెరటాల హోరు. లంగరులో రాసుకున్నది అరవై. నలభై పొట్లాలు ఎండలో వెళ్ళి ఎండలో తిరిగొచ్చాయి. మూడు, ఏడు కూడా అంతే, గాలిలో ఒకదానికొకటి వేషం వేసుకుంటాయి. అప్పటినుంచి ఏ అంకెయినా విడివిడిగా చెప్పడమే: రెండు, సున్న. విన్నవాడు తిరిగి చదవాలి: రెండు, సున్న, అందింది. ఇంగ్లీషు అక్షరాలకి ఆల్ఫా, బ్రావో అని పేర్లు పెట్టింది కూడా ఇందుకే. బీ, డీ, పీ, టీ అన్నీ హోరులో ఒకటే. వేర్వేరు భాషలవాళ్ళు పలికి, విని, మార్చుకుంటూ వచ్చిన జాబితా అది. ఇప్పుడున్న రూపం 1956లో స్థిరపడింది.

డెల్టా నుంచి ఒకరోజు వచ్చిన కబురు లాగ్‌బుక్కులో ఉంది. దాన్నే ఇప్పుడు పాఠంగా చెబుతున్నాను.

“కంట్రోల్, కంట్రోల్, డెల్టా రెండు. అత్యవసరం. ఓవర్.”

“అందరూ ఆగండి. డెల్టా రెండు, చెప్పు. ఓవర్.”

“గుర్రాలక్క గుడి వెనక సరుగుడు తోట. కేడెట్ నంబరు ఒకటి, మూడు, ఏడు. కళ్ళు తిరిగి పడిపోయింది. స్పృహలో ఉంది, నీళ్ళు తాగుతోంది. బండి కావాలి. ఓవర్.”

“గుర్రాలక్క గుడి వెనక సరుగుడు తోట. ఒకటి, మూడు, ఏడు. బండి బయల్దేరుతోంది. నీడలో ఉంచండి. ఓవర్.”

“అందింది. అవుట్.”

మొత్తం ముప్ఫై సెకన్లు కూడా పట్టలేదు. ముందు చోటు చెప్పింది చూడండి. మధ్యలో బ్యాటరీ పోయినా ఎక్కడికి వెళ్ళాలో తెలుస్తుంది. అమ్మాయి పేరు చెప్పలేదు, అది మరీ ముఖ్యం. 446లో మాట్లాడేది ఆ చుట్టుపక్కల అలాంటి సెట్టున్న ఎవడైనా వినొచ్చు. ‘ప్రైవసీ కోడ్’ అని పెట్టెమీద ఉంటుంది. దాన్ని నమ్మి చాలామంది తమ మాట రహస్యమనుకుంటారు. ఆ కోడ్ చేసేది ఇతరుల మాట మన చెవిన పడకుండా ఆపడమే, మన మాట ఇతరుల చెవిన పడకుండా ఆపదు. ఒకసారి మేం కోడ్ తీసేసి వింటే, దగ్గర్లో ఏదో పెళ్ళి వంటల వాళ్ళు సాంబారు బకెట్లు ఎన్ని వెళ్ళాయో లెక్కలు చెప్పుకుంటున్నారు. వాళ్ళు మనకి వినిపించారంటే మనమూ వాళ్ళకి వినిపించినట్టే. ఫలానా ఊరి ఫలానా వారమ్మాయి పడిపోయిందని గాలిలోకి వదిలితే, బండి శిబిరానికి చేరేలోపు ఆ ఇంటికి ఫోను పోతుంది. చేరేసరికి కబురు ఎంత పెరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుకే శిబిరం నంబరు. నంబరుకి పేరు ఎవరో చెప్పే జాబితా కంట్రోల్ సొరుగులో తాళంలో ఉంటుంది.

లాగ్‌బుక్కు అంటే మామూలు రూళ్ళ పుస్తకం. వేళ, ఎవరు, ఎవరికి, ఏమిటి, ఏం చేశాం, ఇవే గడులు. వేళ ఇరవైనాలుగు గంటల పద్ధతిలో. బల్ల దగ్గర ఎప్పుడూ ఇద్దరు: ఒకరు మాట్లాడతారు, ఒకరు రాస్తారు. గంటకి మించి ఎవర్నీ కూర్చోబెట్టను. గంట దాటితే చెవి ఉంటుంది కానీ వినడం ఉండదు. మధ్యాహ్నం భోజనాల తరవాత షిఫ్టు అన్నిటికన్నా కష్టం. అప్పుడు ఎవరు కూర్చున్నారో చూసి నేనూ పక్కన కుర్చీ వేసుకుంటాను.

సముద్రపు గాలి సెట్లని తినేస్తుంది. ఉప్పు చార్జింగు పలకల మీద పేరుకుంటుంది, పచ్చటి తుప్పు పడుతుంది. ఇసక బటన్ సందులో చేరితే నొక్కింది పైకి రాదు. అలా ఇరుక్కున్న ఒక్క సెట్టు చాలు, చానలంతా మూగబోతుంది. ఆ సెట్టు ఎవరిదో తెలుసుకోవాలంటే మనుషుల్ని పంపించి వెతికించాల్సిందే. అందుకని ఇసకలోకి వెళ్ళే సెట్టుకి జిప్పున్న పాలిథీన్ సంచి. మాట కాస్త బొంగురుపోతుంది, పోనీ. రాత్రి అన్నీ తిరిగి తీసుకుని, తడి గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, చార్జింగు పెట్టి, నంబర్లు సరిచూసి పెడతాం. సెంట్రీల దగ్గరుండేవి మాత్రం రెండు బ్యాటరీలతో తెల్లవార్లూ తిరుగుతాయి. సెట్టుని నడుముకి తగిలించుకుని వినడం కూడా మాన్పించాను. ఈ తరంగాన్ని ఒళ్ళు కూడా ఆపేస్తుంది. మొహం దగ్గరికి నిలువుగా ఎత్తి, గాలికి వీపు పెట్టి, అరచేయి అడ్డం పెట్టి మాట్లాడమంటాను.

శిబిరంలో ఆటలా కనిపించే ఈ పని మా ప్రాంతానికి ఎందుకు కావాలో ఇక్కడి పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కాకినాడకి దక్షిణాన తీరం దాటింది. వెయ్యిమందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకారుల ఊళ్ళు మగవాళ్ళని పోగొట్టుకున్నాయి. కరెంటు స్తంభాలు, టెలిఫోను తీగలు కొబ్బరిచెట్ల కింద పడి, పక్క ఊళ్ళో ఎవరున్నారో ఎవరు పోయారో తెలియడానికి మనిషి నడిచి వెళ్ళాల్సి వచ్చింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చేసరికి, 1983లో హైదరాబాదులో మొదలైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడాలని సరదాగా వెళ్ళినవాళ్ళు, దీవుల్లో బతికున్నవాళ్ళ కబుర్లు బయటికి చేరవేస్తూ కూర్చున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని కొట్టినప్పుడు సెల్ టవర్లు ఎంతసేపు నిలిచాయో అందరం చూశాం. ఇప్పుడు యువ ఆపదమిత్ర పథకం కింద ఎన్‌సీసీ, ఎన్ఎస్ఎస్, స్కౌట్లలోంచి రెండు లక్షల మందికి పైగా పిల్లలకి విపత్తు శిక్షణ ఇవ్వాలని కేంద్రం సంకల్పించింది. మంచి మాటే. ఆ శిక్షణలో ప్రథమ చికిత్సకి, తాళ్ళకి, ముడులకి ఇచ్చే వేళలో కాస్తయినా లాగ్‌బుక్కుకి ఇవ్వాలని నా పోరు.

స్కౌట్లకైతే 1958 నుంచీ ఏటా రేడియో పండగ ఉంది. అక్టోబరులో ఒక శని, ఆదివారాలు ప్రపంచమంతటా స్కౌట్లు హామ్‌ల సాయంతో ఒకరినొకరు పలకరించుకుంటారు. మా పిల్లలకి అలాంటిదేదీ లేదు. శిబిరం ఆఖరి రోజు నా సెట్టు దగ్గర మూగుతారు. “మాకూ లైసెన్సు వస్తుందా సార్?” అంటారు. వస్తుంది. పన్నెండేళ్ళు నిండితే చాలు. కేంద్ర టెలికం శాఖ పరీక్ష పెడుతుంది. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకి రాతపరీక్షే. జనరల్ గ్రేడుకి మోర్స్ కూడా కావాలి. పాసై లైసెన్సు వస్తే వీయూతో మొదలయ్యే పిలుపు పేరు మీ సొంతం, దేశంలో ఇంకొకరికి ఉండదు. పోయిన శిబిరంలో రిలేగా చేలగట్టు మలుపులో నిలబడ్డ అమ్మాయి ఇదంతా విని ఒకే ఒక్కటి అడిగింది, పరీక్షలో లెక్కలుంటాయా అని. ఉంటాయి, ఓమ్ సూత్రం దాకా. పుస్తకం ఇచ్చి పంపాను.